వేట రైఫిల్ నుంచి మజిల్ బ్రేక్ తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లో జింకల జనరల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం తెరుచుకుంటుంది. సెప్టెంబర్ వచ్చేసరికి నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, పాత రైఫిల్ ఒకటి కొన్నా. మూతి దగ్గర చిల్లుల గొట్టం ఒకటి ఉంది. అది తీసేయొచ్చా?" ఆ గొట్టమే మజిల్ బ్రేక్. మెసేజ్‌తోపాటు ఫోటో ఉంటుంది. సగం ఫోటోల్లో నాకు కావాల్సిన వైపు, అంటే కింది వైపు, కనిపించదు. ఎందుకు కావాలో కింద చెప్తాను. డాలస్ దగ్గర ఉంటూ, వారమంతా లాప్‌టాప్ ముందు కూర్చుని, చలికాలంలో నాలుగైదు శనివారాలు వేటకి వెళ్ళే మామూలు మనిషిని నేను. గన్‌స్మిత్‌ని కాదు. నా రైఫిల్‌ మీద నేను చేసిన పని, చేసిన పొరపాట్లు, అడిగినవాళ్ళకి చెప్పిన జవాబులు ఇవి. బోల్ట్ యాక్షన్, అంటే గుండు గుండుకీ బోల్ట్‌ని చేత్తో లాగి తోసే వేట రైఫిల్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను.

ఇంతకీ మజిల్ బ్రేక్ ఏం చేస్తుంది?

తూటా బ్యారెల్ దాటిన వెంటనే దాని వెనకే మందు కాలిన గ్యాస్ దూసుకొస్తుంది. మూతికి ఏమీ లేకపోతే ఆ గ్యాస్ నేరుగా ముందుకి పోతుంది, రైఫిల్ ఆ మేరకు భుజాన్ని వెనక్కి తంతుంది. బ్రేక్ ఉంటే గ్యాస్ లోపలి అడ్డుగోడలకి తగిలి పక్కలకి, కొన్ని మోడళ్ళలో కాస్త వెనక్కి కూడా మళ్ళుతుంది. గోడలకి తగిలిన ఆ దెబ్బే రైఫిల్‌ని ముందుకి లాగుతుంది. అందుకే మందు ఎక్కువ పట్టే .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ లాంటి తూటాల రైఫిళ్ళలో బ్రేక్ ఉన్నదీ లేనిదీ మొదటి గుండుకే తెలిసిపోతుంది. చిన్న తూటా .243లో అంత తేడా ఉండదు. నిజానికి .243కి బ్రేక్ ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఫ్లాష్ హైడర్ అన్నా ఇదేనా?

కాదు. ఫ్లాష్ హైడర్ మంటని చెదరగొట్టి తగ్గిస్తుంది, కిక్‌ని పెద్దగా తగ్గించదు. తీసే పద్ధతి మాత్రం దాదాపు ఒకటే.

బాగా పనిచేసే వస్తువుని ఎందుకు తీయడం?

చెవుల కోసం. మీ చెవులకంటే పక్కవాళ్ళ చెవుల కోసం.

బ్రేక్ లేని పెద్ద రైఫిల్ శబ్దమే 160 డెసిబెల్ దాపుల్లో ఉంటుంది. ఒక్కసారి వింటే చాలు, చెవికి దెబ్బ తగలొచ్చు అని నిపుణులు గీసిన గీత 140 దగ్గరే ఉంది. ముందుకి పోవాల్సిన గ్యాస్‌ని బ్రేక్ పక్కలకి మళ్ళిస్తుంది కాబట్టి, రైఫిల్ వెనకా పక్కనా ఉన్నవాళ్ళకి ఇంకో 5 నుంచి 10 డెసిబెల్ అదనంగా పడుతుంది. పదే కదా అనిపిస్తుంది గానీ, డెసిబెల్ లెక్కలో 10 పెరగడమంటే ధ్వని శక్తి పది రెట్లు కావడం.

నాకు ఇది లెక్కల్లో తెలియలేదు. లానో దగ్గర ఒక డీర్ లీజులో, అంటే వేట కోసం అద్దెకి తీసుకున్న భూమిలో, చెక్కతో కట్టిన చిన్న బ్లైండ్‌లో (దాక్కుని కాచుకునే గదిలో) మా బావా నేనూ కూర్చున్నాం. మనిషికో కిటికీ. తెల్లవారుజామున పొదల వెనక కదలిక కనిపించి, నాతో గుసగుసగా ఏదో చెప్పడానికి బావ ఇయర్ మఫ్ ఒక వైపు పైకి ఎత్తాడు. అది నేను చూడలేదు. కాల్చాను. నాలుగు గోడల మధ్య, పక్కలకి గ్యాస్ చిమ్మే బ్రేక్‌తో. జింక పడింది. బావ మాత్రం రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు. "కుయ్యిమంటోందిరా, ఆగట్లేదు" అన్నాడు. ఇంటికి వచ్చే నాలుగు గంటలూ కారులో ఏది అడిగినా "ఆఁ?" అన్నాడు. మూడో రోజుకి తగ్గింది. పరీక్ష చేసిన ఆడియాలజిస్ట్, అదృష్టవంతుడివి అని చెప్పి పంపింది. మా అక్క నాతో రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. ఆ బ్రేక్‌ ఆ వారాంతంలోనే తీసేశాను.

కొలరాడో, వయోమింగ్ వైపు ఎల్క్ వేటకి తీసుకెళ్ళే గైడ్లలో, ఆఫ్రికాలో వేట నడిపించే ప్రొఫెషనల్ హంటర్లలో బ్రేక్ అంటే మొహం చిట్లించేవాళ్ళు చాలామంది ఉన్నారు. రోజూ ఎవరో ఒకరి రైఫిల్ పక్కన నిలబడే ఉద్యోగం వాళ్ళది. వాళ్ళ చెవులతో ఆలోచిస్తే తప్పేం లేదు. కొందరైతే బ్రేక్ తీసి రమ్మని ముందే చెప్తారు.

ఇంకా చిన్న కారణాలున్నాయి. బ్రేక్ వల్ల రైఫిల్ రెండంగుళాలు పొడవవుతుంది, ఇరుకు బ్లైండ్‌లో కిటికీకి తగులుతుంది. నేల మీద బోర్లా పడుకుని కాలిస్తే దుమ్ము లేచి, జింక పడిందో పరిగెత్తిందో కనిపించదు.

తీసేస్తే భుజం పోతుందా?

రైఫిల్‌ని బట్టి. 8 పౌండ్ల రైఫిల్‌లో .243 కిక్ సుమారు 10 ఫుట్ పౌండ్లు, .308ది 17 దాపుల్లో, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్‌ది 25 దాటుతుంది. మందు, తూటా బరువు మారితే ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి. బ్రేక్ దీంట్లో మూడో వంతు నుంచి సగం వరకు మింగేస్తుంది. కాబట్టి .308 నుంచి తీస్తే ఒక పూట అలవాటు చేసుకుంటే సరిపోతుంది. ఆరు పౌండ్ల కార్బన్ ఫైబర్ మ్యాగ్నమ్ నుంచి తీస్తే మాత్రం అది వేరే రైఫిల్ అయిపోతుంది. ఆ తేలికపాటి రైఫిళ్ళని తయారు చేసినవాళ్ళే బ్రేక్ ఉంటుందన్న లెక్కతో చేస్తారు.

స్కోప్ సంగతి మరిచిపోకండి. కన్ను స్కోప్‌కి ఆనించి కాల్చే అలవాటు ఉన్నవాళ్ళని ఇన్నాళ్ళూ బ్రేక్ కాపాడింది. అది తీశాక మొదటి గుండుకే కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో చీరుకుంటుంది. కంటికీ స్కోప్‌కీ మధ్య మూడున్నర అంగుళాల ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి. మెత్తటి రీకాయిల్ ప్యాడ్, కాస్త తక్కువ మందున్న లోడ్లు కూడా పనికొస్తాయి.

నేను హెచ్-1బి మీద ఉన్నాను. ఈ పని నేను చేయొచ్చా?

మనవాళ్ళు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. చాలామంది అడగరు. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెప్తుంది. సొంతదా, స్నేహితుడిదా అన్న తేడా లేదు. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటి: అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్ళకి ఈ నిషేధం వర్తించదు.

అంటే లైసెన్స్ గడువు తీరిన వేసవిలో "ఒక్కసారి పట్టుకో బావా, బ్రేక్ తిప్పుతా" అన్నా ఇబ్బందే. టెక్సస్‌లో లైసెన్స్ తీసుకోవడం కష్టమేమీ కాదు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తి చేయాలి. లైసెన్స్ కాపీ పర్సులో ఉంచుకోండి. వీసా స్టేటస్‌తో ముడిపడ్డ విషయం కాబట్టి, ఏ కాస్త సందేహం ఉన్నా ఇమిగ్రేషన్ లాయర్‌నే అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు.

బ్రేక్ తీయడం చట్టానికి విరుద్ధమా?

మామూలు వేట రైఫిల్ అయితే కాదు. ఒక్క చోట జాగ్రత్త. రైఫిల్ బ్యారెల్ కనీసం 16 అంగుళాలు ఉండాలి. కొన్ని పొట్టి బ్యారెళ్ళకి బ్రేక్‌ని శాశ్వతంగా వెల్డ్ చేసి, ఆ పొడవుతో కలిపి 16 దాటిస్తారు. అలాంటిది ఊడదీస్తే, ముందుగా ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారం చూసే ఫెడరల్ సంస్థ) అనుమతి లేకపోతే, చేతిలో ఉన్నది రిజిస్టర్ కాని షార్ట్ బ్యారెల్డ్ రైఫిల్ అవుతుంది. అది ఫెడరల్ నేరం. వేట రైఫిళ్ళ బ్యారెళ్ళు ఎక్కువగా 20 నుంచి 26 అంగుళాలు ఉంటాయి కాబట్టి భయం లేదు గానీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఏఆర్ రకం (ఏఆర్-15 లాంటి సెమీ ఆటోమేటిక్) అయితే టేపు తీయండి. ఖాళీ చేసిన రైఫిల్‌లో బోల్ట్ మూసి, మూతి నుంచి ఒక పుల్ల దించి, అది బోల్ట్ ముఖానికి తగిలే దాకా కొలిస్తే అదే బ్యారెల్ పొడవు.

నా బ్రేక్ ఊడేదేనా కాదా? ఎలా తెలుస్తుంది?

ఈ పేజీ మొత్తంలో ఒక్కటే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. తిప్పే ముందు, దాన్ని పట్టుకుని ఉన్నది ఏమిటో కనుక్కోవాలి. పని చెడగొట్టుకున్నవాళ్ళందరూ, నాతో సహా, పానా ముందు తీసి టార్చ్ తర్వాత వెలిగించినవాళ్ళే.

రైఫిల్‌ని తలకిందులు చేసి కింది వైపు చూడండి. చిన్న స్క్రూ తల గానీ, దాని గుంట గానీ ఉంటే సెట్ స్క్రూ. రెండు స్క్రూలూ మధ్యలో సన్నటి చీలికా ఉంటే అది బిగింపు రకం, స్క్రూలు వదులు చేస్తే చేత్తోనే కదులుతుంది. బ్రేక్ వెనక, బ్యారెల్ వైపు ఉంగరంలాంటి నట్ ఉంటే అది జామ్ నట్, ముందు దాన్ని వెనక్కి వదలాలి. పల్చటి రింగులు కనిపిస్తే అవి షిమ్‌లు, లేదా నలిగిన క్రష్ వాషర్. ఇవేవీ లేకుండా శుభ్రంగా కలిసిపోయి ఉంటే మామూలుగా బిగించిందైనా కావాలి, జిగురు వేసిందైనా కావాలి.

పక్కన గుండ్రటి వెల్డ్ చుక్క కనిపిస్తే ఆగిపోండి. లోపల పిన్ ఉంది.

బ్రేక్‌కీ బ్యారెల్‌కీ మధ్య అతుకు గీతే లేకుండా చిల్లులు నేరుగా బ్యారెల్‌లోనే ఉంటే, అది ఊడే వస్తువు కాదు. మ్యాగ్ నా పోర్ట్ లాంటివి బ్యారెల్‌కే గాట్లు పెడతాయి. దాన్ని వదిలించుకోవాలంటే బ్యారెల్ కోసి, మూతి అంచు మళ్ళీ చెక్కించాలి.

ఇక 1990లలో బ్రౌనింగ్, విన్‌చెస్టర్ రైఫిళ్ళతో వచ్చిన బాస్ అనే పరికరం ఉంది. అది బ్రేకూ, గురిని సరిచేసే ట్యూనరూ కలిసినది. దానికి చిల్లులు లేని సీఆర్ రకం కూడా ఉంది. చప్పుడు ఒక్కటే మీ సమస్య అయితే ఊరికే తీసి పక్కన పడేయకుండా ఆ రెండో రకం వెతికి పెట్టుకోవడం నయం.

ఏ సామాన్లు కావాలి?

బ్రేక్‌కి చదును పట్టీలు ఉంటే వాటికి సరిగ్గా సరిపోయే పానా. అడ్జస్టబుల్ పానా అయితే వదులు లేకుండా పట్టాలి. పట్టీలు లేని గుండ్రటి బ్రేక్‌కి రబ్బరు స్ట్రాప్ రెంచ్. గొట్టాల పానా, ప్లంబర్ వాడేది, దగ్గరికి కూడా రానివ్వొద్దు, పళ్ళ గుర్తులు పడిపోతాయి. బ్యారెల్ వైస్, లేదా మామూలు వైస్‌కి తోలు, మెత్తటి చెక్క దిమ్మెలు. అలెన్ కీలు. పెనెట్రేటింగ్ ఆయిల్. టార్చ్ లైట్. బ్రేక్ చిల్లులో స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పే వీడియోలు చాలా ఉన్నాయి. ఆ చిల్లుల అంచులు అందుకోసం చెక్కినవి కావు.

సరే, వరసగా ఎలా తీయాలి?

మ్యాగజైన్ తీయండి. బోల్ట్ తెరిచి తూటా కూర్చునే ఛాంబర్‌ని కంటితో చూడండి, చిటికెన వేలితో కూడా తడమండి. తర్వాత బోల్ట్ పూర్తిగా బయటికి లాగి వేరే గదిలో పెట్టండి. తూటాలు ఆ బల్ల మీద ఉండకూడదు. బోల్ట్ ఎలాగూ లేదు కాబట్టి వెనక నుంచి బ్యారెల్ గుండా వెలుతురు చూడండి, అంతటితో ఏ అనుమానమూ మిగలదు.

ఇప్పుడు బ్యారెల్‌ని బ్రేక్‌కి నాలుగైదు అంగుళాల వెనక వైస్‌లో పట్టించండి. స్టాక్‌ని (భుజానికి ఆనే భాగం) గానీ, యాక్షన్‌ని (బోల్ట్ ఉండే భాగం) గానీ పట్టించి మూతి దగ్గర తిప్పితే ఆ మెలి అంతా బ్యారెల్ పొడవునా ప్రయాణించి, బ్యారెల్ యాక్షన్‌లోకి బిగిసిన చోట పడుతుంది. బ్రేక్ బదులు బ్యారెలే ఊడొచ్చింది అన్న ఫోన్ ఒకసారి నాకు వచ్చింది కూడా.

దిశ. చాలా వేట రైఫిళ్ళ థ్రెడ్‌లు (మరలు) కుడి వాటం. రైఫిల్ ఎదురుగా, మూతిని చూస్తూ నిలబడితే గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిప్పాలి. సీసా మూత తీసినట్టు. చాలామంది స్టాక్ వెనక నిలబడి చూస్తారు, అటు నుంచి చూస్తే దిశ తలకిందులు అవుతుంది, తీస్తున్నాననుకుంటూ బిగిస్తుంటారు. ఎడమ వాటం థ్రెడ్‌లు కూడా ఉన్నాయి, ఏకే రకంలో ఎక్కువ. మాన్యువల్‌లో ఒకసారి చూడండి.

నా సంగతి చెప్తానన్నాను కదా. గరాజ్‌లో వైస్‌కి పట్టించి, పానా వేసి తిప్పాను. కదల్లేదు. ఇంకాస్త బరువు వేశాను. పానా జారి, బ్రేక్ పక్కన తెల్లటి గీత పడింది. ఇప్పటికీ ఉంది. అప్పుడు కూర్చుని టార్చ్ వేసి చూస్తే, కింది వైపు నల్లటి చుక్క ఒకటి. కాల్చిన ప్రతిసారీ పేరుకున్న మసి దాన్ని పూడ్చేసి, పక్కనున్న ఉక్కుతో సమానంగా చదును చేసింది. టూత్‌పిక్‌తో గీకితే పొడి రాలింది, లోపల ఆరు మూలల గుంట మెరిసింది. సెట్ స్క్రూ. నూనె చుక్క వేసి, పది నిమిషాలాగి, చిన్న అలెన్ కీతో ఒకటిన్నర చుట్టు వదులు చేశాను. తర్వాత బ్రేక్ చేత్తోనే తిరిగింది. ముప్పావు గంట నేను కుస్తీ పట్టింది బ్రేక్‌తో కాదు, నా తొందరతో. అందుకే ఫోటో పంపేవాళ్ళని కింది వైపు తీసి పంపమంటాను.

ఊడి వస్తున్నప్పుడు ఇంకో చేయి కింద పెట్టండి. షిమ్‌లు కాగితంలా పల్చగా ఉంటాయి, గరాజ్ నేల మీద పడితే దొరకవు. ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో ఒక తీగకి గుచ్చండి. బ్రేక్ చిల్లులు సరిగ్గా పక్కలకే చూడాలంటే ఆ షిమ్‌ల మందం అంతే ఉండాలి.

అస్సలు కదలడం లేదు. జిగురు వేశారా?

కావచ్చు, లేదా మసే గట్టి పడి ఉండొచ్చు. మసి అయితే పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి, మూతి కిందికి పెట్టి ఒక రాత్రి వదిలేయండి. నూనె బ్యారెల్ గుండా వెనక్కి పోయి స్టాక్‌లోకి ఇంకకూడదు, అందుకే మూతి కిందికి.

జిగురు అయితే, లాక్టైట్ అనే థ్రెడ్ జిగురులో నీలం రకం మామూలు పానా బలానికి లొంగుతుంది. ఎరుపు రకం లొంగదు. దానికి సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి, వేడిగా ఉన్నప్పుడే తిప్పాలి. హీట్ గన్ వాడండి, మంట టార్చ్ వద్దు. టార్చ్‌తో ఎక్కడ ఎంత వేడెక్కిందో మీకు తెలియదు, బ్లూయింగ్ రంగు పోతుంది. పొగ వస్తుంది కాబట్టి గరాజ్ తలుపు తెరిచి పెట్టండి.

రాక్‌సెట్ వేరే జాతి. అది సిరామిక్ ఆధారంగా చేసిన జిగురు, సైలెన్సర్ వాడేవాళ్ళు ఇష్టపడతారు. వేడికి ఏమీ కాదు, హీట్ గన్ కింద నవ్వుకుంటూ కూర్చుంటుంది. దాని బలహీనత నీళ్ళు. బ్రేక్ మునిగేలా ఒక గ్లాసు నీళ్ళలో రాత్రంతా మూతిని ఉంచితే మెత్తబడుతుంది. తర్వాత బ్యారెల్ లోపల బాగా తుడిచి, ఆరబెట్టి, నూనె రాయడం మరవొద్దు. తుప్పుకి ఒక్క రాత్రి చాలు.

ఏ జిగురో తెలియకపోతే నీళ్ళతో మొదలుపెట్టండి, తర్వాత నూనె, ఆఖరికి వేడి.

కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెల్ అయితే వేడి మాటే ఎత్తొద్దు. ఆ నార పోగుల్ని పట్టి ఉంచేది రెజిన్, వేడికి అది పాడవుతుంది. వైస్‌లో పట్టించేటప్పుడు కూడా అంతే, నార భాగాన్ని నలిపేలా బిగించకూడదు. ఇలాంటి రైఫిల్‌లో బ్రేక్ మొండికేస్తే నేనైతే గన్‌స్మిత్‌కే ఇస్తాను.

పిన్ వెల్డ్ చేసినది నేనే తీసుకోవచ్చా?

వెల్డ్‌ని మిల్లింగ్ చేసి, లోపలి పిన్ లాగి, అప్పుడు తిప్పాలి. చేయి అర మిల్లీమీటరు లోతుకి పోతే థ్రెడ్‌లు పోయినట్టే. బ్రేక్ ఎలాగూ పాడవుతుంది. గన్‌స్మిత్ పని.

తీసేశాక థ్రెడ్‌లు అలా వదిలేయొచ్చా?

కాల్చడానికి ప్రమాదం లేదు గానీ వదిలేయకండి. తలుపు చెక్కకి, ట్రక్కు అంచుకి ఒక్కసారి తగిలితే మొదటి థ్రెడ్ నలుగుతుంది, ఇంకెప్పుడూ ఏదీ ఎక్కదు. థ్రెడ్ ప్రొటెక్టర్ అనే చిన్న టోపీ కొనండి. కొనేముందు సైజు చూసుకోవాలి. అమెరికన్ .30 క్యాలిబర్ రైఫిళ్ళకి ఎక్కువగా 5/8-24 (5/8 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 థ్రెడ్‌లు), .22 క్యాలిబర్ వాటికి 1/2-28 ఉంటుంది. టిక్కా లాంటి యూరోపియన్ రైఫిళ్ళలో మెట్రిక్ కొలతలు తగులుతాయి. బ్రౌనింగ్ ఎక్స్-బోల్ట్ బ్రేకులది 13 మిల్లీమీటర్ల వ్యాసం, 0.75 పిచ్, అది మామూలు దుకాణంలో దొరకడం కష్టం. బలవంతంగా ఎక్కించొద్దు. సరైనది వేళ్ళతోనే చివరి దాకా తిరుగుతుంది.

ప్రొటెక్టర్ పెట్టే ముందు మూతి అంచుని, అంటే క్రౌన్‌ని చూడండి. బ్రేక్ కింద ఇన్నాళ్ళూ దాగి ఉన్న చోటు అది, మసి గడ్డ కట్టి ఉంటుంది. తూటా బ్యారెల్‌ని చివరగా తాకేది అక్కడే. సాల్వెంట్‌తో నానబెట్టి నైలాన్ బ్రష్‌తో తుడవండి. ఉక్కు బ్రష్, చాకు మొన, ఇసుక కాగితం, ఇవేవీ వద్దు. థ్రెడ్‌ల మీద ఒక చుక్క నూనె.

గురి మారుతుందా? తూటా వేగం తగ్గుతుందా?

వేగం పట్టించుకునేంత మారదు. గురి మాత్రం మారుతుంది, ఇంకో మాట లేదు. కాల్చినప్పుడు బ్యారెల్ తీగలా కంపిస్తుంది. చివర ఉన్న బరువు తీసేస్తే ఆ కంపనం మారి, తూటా వేరే క్షణంలో, వేరే కోణంలో బయటికి వస్తుంది. ఎటు, ఎంత అన్నది రైఫిల్‌ని బట్టి. నాది 100 గజాల దగ్గర రెండంగుళాలు కిందికీ, ఒక అంగుళం ఎడమకీ జరిగింది. మీది వేరేలా ఉంటుంది.

కాబట్టి తీసిన రోజే రేంజ్‌కి వెళ్ళి మళ్ళీ జీరో చేయండి, అంటే స్కోప్ గురి సరిచేసుకోండి. వేటకి వాడే తూటాలతోనే, ప్రొటెక్టర్ పెట్టే కాల్చండి, ఎందుకంటే దానికీ బరువుంది. మూడేసి గుళ్ళు కాల్చి, బ్యారెల్ చల్లారనిచ్చి, మళ్ళీ మూడు. గుళ్ళు పడ్డ గుంపు ముందు కంటే వెడల్పయిందని కంగారు పడకండి. మొదటిరోజు అది బ్యారెల్ తప్పు కాకపోవచ్చు. కిక్ పెరిగిందని భుజానికి తెలిసి, ట్రిగ్గర్ నొక్కే ముందే మనం ముడుచుకుంటాం. స్నేహితుణ్ణి పక్కన నిలబెట్టి, తూటా పెట్టాడో ఖాళీగా ఇచ్చాడో మీకు చెప్పకుండా ఇవ్వమనండి. ఖాళీ ఛాంబర్ మీద మూతి కిందికి వంగితే తేలిపోతుంది.

బ్రేక్ లేకపోతే ఇయర్ మఫ్ అక్కర్లేదా?

కావాలి. 160 డెసిబెల్ ఎక్కడికీ పోలేదు. రేంజ్‌లో ప్లగ్ లోపల, మఫ్ పైన, రెండూ వాడండి. రెండూ కలిస్తే ఒక్కదానికంటే 5 డెసిబెల్ మాత్రమే ఎక్కువ ఆపుతాయి, అయినా ఆ అయిదూ కావాలి. బ్లైండ్‌లో ఎలక్ట్రానిక్ మఫ్‌లు వాడండి, గుసగుసని పెద్దగా వినిపించి, పేలుడిని ఆపుతాయి. మా బావకి ఆ దీపావళికి నేను కొనిచ్చింది అదే.

దాని బదులు సప్రెసర్, అంటే సైలెన్సర్, పెట్టుకుంటే?

థ్రెడ్‌లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి మంచి ఆలోచనే. చప్పుడూ తగ్గుతుంది, కిక్ కూడా కొంత తగ్గుతుంది. టెక్సస్‌లో 2012 నుంచి వేటకి అనుమతి ఉంది. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల్లో మామూలు జనం దగ్గర ఉండకూడదు. 1934 నాటి చట్టం పెట్టిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. పన్ను పోయింది గానీ ఏటీఎఫ్ ఫారం, వేలిముద్రలు, రిజిస్ట్రేషన్ అలాగే ఉన్నాయి.

ఇండియాలో మా తాతగారి లైసెన్స్ రైఫిల్‌కి ఇలా చేయొచ్చా?

అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసిన అధ్యాయం. తుపాకీ మరమ్మతు వ్యాపారానికీ, బ్యారెల్ పొట్టి చేయడానికీ 1959 ఆయుధాల చట్టం కింద విడిగా లైసెన్స్ ఉండాలి. సెలవులకి వెళ్ళినప్పుడు మీరు చేయి పెట్టకండి. లైసెన్స్ ఉన్న తుపాకుల డీలర్ దగ్గరికి, లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళనే తీసుకెళ్ళమనండి.

తీసిన బ్రేక్‌ని వేరే రైఫిల్‌కి పెట్టొచ్చా?

థ్రెడ్ సరిపోయినంత మాత్రాన కాదు. బ్రేక్ రంధ్రం తూటా కంటే కాస్త పెద్దదిగా ఉండాలి. 6.5 క్రీడ్‌మూర్ బ్రేక్, .308 బ్రేక్ రెండూ 5/8-24 థ్రెడ్‌తో రావచ్చు. 6.5ది తీసుకెళ్ళి .308కి బిగిస్తే తూటా పట్టదు, బ్రేక్ పేలిపోతుంది. సగం ఊడిన, వదులైన బ్రేక్‌తో కాల్చినా ఇదే ముప్పు, తూటా లోపలి గోడని గీరుతుంది.

మళ్ళీ కావాలంటే?

అందుకే పారేయొద్దు. బ్రేక్, షిమ్‌లు, సెట్ స్క్రూ ఒకే జిప్ కవర్లో వేసి, మీద మార్కర్‌తో రైఫిల్ పేరు, థ్రెడ్ సైజు, తీసిన తేదీ, అప్పటి జీరో రాయండి. క్రష్ వాషర్ ఉన్నదైతే దాన్ని పారేసి కొత్తది కొనండి, ఒకసారి నలిగింది మళ్ళీ పనికిరాదు. నా కవరు గన్ సేఫ్ పై అరలో ఉంది. రేంజ్‌లో ఒక్కణ్ణే ఉండి నలభై గుళ్ళు కాల్చాల్సిన రోజున దాన్ని తీసి బిగిస్తాను. జీరో మళ్ళీ చూసుకుంటాను. అక్టోబర్ చివరి వారంలో తీసి మళ్ళీ కవర్లో వేసేస్తాను, బావ బండి ఎక్కేలోపు.